హత్యకు ఏ నార్వే హోటల్ మేలు: ఫిన్సే, డాలెన్, ఓయే?

నార్వేలోని పాత హోటల్లో డిటెక్టివ్ నవల నడపాలనుకునేవాళ్లు ముందు దయ్యం కథల కోసం వెతుకుతారు. వాటికి కరువేం లేదు. డాలెన్‌లో 17వ నంబర్ గదిలో ఇంగ్లిష్ ఆవిడ ఉంది, ఓయేలో నీలం గదిలో పనమ్మాయి ఉంది. హోటల్‌ని ఎంచుకోవడానికి మాత్రం అవి అక్కరకు రావు. హత్య జరిగిన మర్నాడు ఎవరు ఎటు పోగలరు, పోలీసు ఎప్పటికి రాగలడు అన్నదే అసలు లెక్క.

ఫిన్సే నేటి కాలపు కథకు బాగుంటుంది. సముద్రమట్టానికి 1222 మీటర్ల ఎత్తున, ఓస్లో–బెర్గెన్ రైలు మార్గం మీద ఉంది. 1909లో ఆ లైను పూర్తయిన ఏడాదే హోటలూ తెరిచారు. మామూలు కార్లు పోయే రోడ్డు ఈనాటికీ లేదు, రైలు ఆగిందంటే అందరూ చిక్కుకున్నట్టే. మంచులో పడేసిన శవం గబగబా చల్లబడుతుంది కాబట్టి ఒంటి వేడిని బట్టి చావు వేళ చెప్పబోయే డాక్టరు బోల్తా పడతాడు. అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మంచు మీద అడుగుజాడలు లేవు కాబట్టి హంతకుడు లోపలివాడే అనే పాత ఎత్తు ఫిన్సేలో చెల్లదు. గాలి వీస్తుంటే జాడలు నిమిషాల్లో పూడిపోతాయి. పైగా హోటల్ ఒంటరిగా లేదు. పక్కనే కొండలెక్కేవాళ్ల బస, విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రం ఉన్నాయి. బయటివాణ్ణి అనుమానితుల జాబితాలోంచి తీసెయ్యాలంటే అదనంగా ఒక అధ్యాయం ఖర్చవుతుంది.

డాలెన్ దారి వేరు. టెలిమార్క్ కాలువ 1892లో పూర్తయింది, దాని చివరన 1894లో ఈ చెక్క హోటల్ లేచింది. కప్పు కొసల్లో డ్రాగన్ తలలు, మధ్య హాలు చుట్టూ పై అంతస్తు వసారా. కాలువ అవతలి కొసనున్న షీయెన్ ఊరి నుంచి 105 కిలోమీటర్లు, 18 లాకులు. పడవకు దాదాపు పగలంతా పడుతుంది. ఎవరు ఏ లాకు దగ్గర దిగి, ఏ లాకు దగ్గర మళ్లీ ఎక్కారన్నది సాక్షులతో తేల్చవచ్చు. వేళల పట్టికతో ఆడే రచయితకు ఇది పండగే.

హత్య పద్ధతి కూడా ఆ కాలం నుంచే తీసుకోవచ్చు. కట్టెలతో మండే ఇనప పొయ్యికి పొగగొట్టంలో ఒక మూత పలక ఉంటుంది. కట్టెలు పూర్తిగా బూడిదయ్యాక, వేడి నిలవడానికి దాన్ని మూస్తారు. నిప్పుల మీద నీలి మంట ఆడుతుండగానే మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తన్నుతుంది. హంతకుడు పలక మూసి వెళ్తాడు, ఆ తర్వాత వచ్చిన మనిషి తానే గడియ పెట్టుకుని పడుకుంటాడు. లోపల గడియ పెట్టిన గదిలో చావు ఎలా జరిగిందన్న చిక్కుముడి దానంతటదే తయారు. గాలి ఆడితే పథకం పాడవుతుంది కాబట్టి కథను చలికాలం మొదట్లో పెట్టాలి. పాత నార్వే ఇళ్లలో అప్పటికి కిటికీకి లోపల రెండో చట్రం బిగించి, సందుల మీద కాగితం పట్టీలు అతికించేవారు. పట్టీ చిరగలేదంటే కిటికీ తెరవలేదన్నమాట. శవం మీద ముదురు గులాబీ రంగు మచ్చలు డాక్టరుకి ఆధారం. ఇంత అల్లికా తలుపు విరగ్గొట్టుకుని వచ్చిన మొదటి మనిషి మీద ఆధారపడుతుంది. కంగారులో అతను పలక తెరిచేస్తే సాక్ష్యం పోతుంది. డాలెన్‌లో నాకు నచ్చనిది ఒక్కటే: పడవ ఆగిపోయినా బండి దారి ఉంటుంది, కథకు తలుపులు పడవు.

ఓయేకి ఆ లోటు లేదు, నా ఓటు దానికే. 1891లో కట్టిన యూనియన్ హోటల్ ఇరుకైన ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కొసన ఉంది. వెనక నోరాంగ్స్‌డాలెన్ లోయ మీదుగా హెల్లేసిల్ట్ ఊరి వైపు బండి బాట. 1908 మే 26న ఆ లోయలో కొండచరియ విరిగి ఏటికి అడ్డంగా పడింది. వెనక నీళ్లు నిలిచి చెరువైంది. పశువుల్ని మేపుకునే రాతి గుడిసెలు, పాత బాటలో కొంత భాగం మునిగాయి. ఒక దారి అలా పోయింది, మిగిలింది ఫ్యోర్డ్. ఆ నీరు మామూలుగా గడ్డకట్టదు, కాబట్టి స్టీమర్ ఎందుకు రాలేదో రచయితే నమ్మించాలి. బాయిలర్ చెడిందంటే చాలు, తుపాను తేవక్కర్లేదు.

ఆ కొండచరియ పడిన రోజుల్లోనే కథ నడుపుతూ అర్ధరాత్రి కారుచీకటి రాశారో, నార్వే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. 62 డిగ్రీల ఉత్తరాన మే నెలాఖరులో రాత్రి పూర్తిగా చీకటి పడదు. హంతకుడు కిటికీల ముందు నుంచి ఆ మసక వెలుతురులోనే నడవాలి. చివర్లో ఉరికంబమూ వద్దు. నార్వేలో శాంతికాలపు చివరి మరణశిక్ష 1876లో అమలైంది, అదీ గొడ్డలివేటు. 1905లో అమల్లోకొచ్చిన శిక్షాస్మృతిలో ఆ శిక్షే లేదు.

మునిగిన గుడిసెలో ఏదైనా దాచాలనుకుంటే చిన్న వస్తువుని దాచండి, శవాన్ని కాదు. అక్కడి నీళ్లు తేట, రాతి గోడలు ఒడ్డు మీద నుంచే కనబడతాయి.