సోమ్ యుద్ధభూమిలో రెండు రోజులు

సోమ్ అంటే ఉత్తర ఫ్రాన్స్‌లో మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన ప్రాంతం. దాన్ని చూడ్డానికి ఒక్క పూటే టైముంటే మిగతావన్నీ వదిలేసి, అప్పటి కందకాలు ఇంకా ఉన్న బోమోంట్ హామెల్ వెళ్ళండి. మేం దాన్ని చివర్లో పెట్టుకుని పొరపాటు చేశాం.

పారిస్‌లో ఉండే మా బావ, నేను మే నెలలో రైల్లో అమియాన్ చేరాం. కారు ముందే బుక్ చేశాం గానీ, వెళ్ళేసరికి ఆ ఆఫీసు షట్టర్ దించి ఉంది. రెండింటికి తెరుస్తారట. "ఇక్కడ భోజనం ముందు, బేరం తర్వాత" అన్నాడు బావ. సగం రోజు అక్కడే పోయింది. అలాగని కారు వద్దనుకోకండి, ఈ పల్లెల్లో బస్సుల్ని నమ్ముకుని తిరగలేం.

బస ఆల్బెర్‌లో, ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద గది. శుభ్రంగా ఉంది, పొద్దున బ్రెడ్డు వేడివేడిగా పెట్టింది. శాకాహారులకు రాత్రి భోజనం మాత్రం కష్టమే. బంగాళదుంప వేపుడుతో సరిపెట్టుకున్నాను. ఊళ్ళో చర్చి కింద సొరంగంలో ఉన్న మ్యూజియం బావకు తెగ నచ్చింది. నాకు ఎగ్జిబిషన్ సెట్టింగులా అనిపించింది.

పెరోన్ కోటలోని మ్యూజియం ఎంతో నయం. నేలలో కట్టిన తెల్లటి గుంతల్లో సైనికుల దుస్తులు, ఆయుధాలు పరిచి ఉంటాయి. జర్మన్ల ఎమ్‌జీ 08 మెషిన్ గన్‌ను అక్కడే దగ్గరగా చూశాను. గొట్టం వేడెక్కిపోకుండా చుట్టూ నాలుగు లీటర్ల నీళ్ళు పట్టే తొడుగు. తూటాల బెల్టు గుడ్డదే, నవారు పట్టీకి వరసగా జేబులు కుట్టినట్టుంది. ఒక్కో బెల్టుకు 250 తూటాలు. నిమిషానికి 500 దాకా పేల్చేదట. స్టాండుతో కలిపి 60 కిలోల పైమాటే. అంత బరువు మోసుకుంటూ ఎవడు దాడికి పరుగెత్తుతాడు? ఒకచోట బిగించుకుని కాచుక్కూర్చున్నవాడికే అది అక్కరకొచ్చింది.

ఆ సంగతి ఒంటికి తెలిసింది మాత్రం బోమోంట్ హామెల్‌లోనే. టికెట్ లేదు. కెనడా నుంచి వచ్చిన విద్యార్థులే గైడ్లు, వాళ్ళకూ డబ్బు ఇవ్వక్కర్లేదు. "కెనడా సైనికులు" అని నేనంటే మా గైడమ్మాయి వెంటనే సరిదిద్దింది: ఇక్కడ బ్రిటిష్ వాళ్ళ పక్షాన పోరాడింది న్యూఫౌండ్‌లాండ్ వాళ్ళు, ఇప్పుడది కెనడాలో భాగమే గానీ అప్పటికి వేరే దేశం.

1916 జులై 1. అంతకు ముందు వారం రోజులు బ్రిటిష్ ఫిరంగులు కురుస్తూనే ఉన్నా, జర్మన్లు సుద్దనేలలో లోతుగా తవ్వుకున్న గదుల్లో దాక్కున్నారు. పొద్దున 7:20కి బ్రిటిష్ వాళ్ళు పక్కనే పెద్ద మందుపాతర పేల్చారు, దాడేమో 7:30కి. మెషిన్ గన్లు మెట్లెక్కించి పైకి తేవడానికి జర్మన్లకు ఆ పది నిమిషాలు చాలు. తొమ్మిది దాటాక న్యూఫౌండ్‌లాండ్ దళం వంతు వచ్చింది. ముందు కందకాలు గాయపడ్డవాళ్ళతో కిక్కిరిసిపోవడంతో వెనక వరసలోంచే పైకెక్కి, బయలు నేల మీద నడిచారు.

గైడమ్మాయి మమ్మల్ని ఆ కందకం అంచున నిలబెట్టి కిందికి చూడమంది. గడ్డి వాలు, మేస్తున్న గొర్రెలు, మధ్యలో ఒక మోడు చెట్టు. "మీ సొంత ముళ్ళకంచెలో సందులు అక్కడక్కడే ఉన్నాయి. అందరూ వాటిలోంచే దూరాలి. అవతలివాడు తుపాకీ ఎటు గురిపెడతాడు?" అని అడిగింది. బావ ఏం మాట్లాడకుండా చెయ్యెత్తి ఆ సందు వైపు చూపించాడు. దాదాపు 800 మంది కదిలితే మర్నాడు హాజరు పలికింది 68 మంది.

తియెప్‌వాల్‌లోని సైనికుల స్మారకం పక్కనే కాబట్టి చూసేయొచ్చు. మన ఇండియా గేట్ కట్టిన లుట్యెన్స్ డిజైనే, శవాలు దొరకని 72,000 మందికి పైగా పేర్లు. అరగంట చాలు.

బూట్లు మాత్రం పాతవే వేసుకెళ్ళండి. ఆ మధ్యాహ్నం పడ్డ జల్లుకు తెల్లమట్టి జిగురులా అంటుకుంది. పెద్దావిడ మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, బకెట్టూ బ్రష్షూ చేతికిచ్చింది.