టాండెం సైకిళ్ల మీద డాన్యూబ్ నది వెంట, పాసావ్ నుంచి వియన్నా దాకా

మా బావగారికి గ్లకోమాతో చూపు పోయి ఆరేళ్లయింది. అంతకుముందు రోజూ పొద్దున్నే బందరు కాలువ గట్టున సైకిల్ తొక్కిన మనిషి. విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడు ఒకసారి, "అక్కడ ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్లు దొరుకుతాయటగా, నన్ను వెనక కూర్చోబెట్టుకుంటావా?" అన్నారు. నేనుండేది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను, కానీ సరైన టూర్ తేలడానికి నాలుగు నెలలు పట్టింది. మాలాగే టాండెంలతో గుంపుగా వెళ్లాలనుకునే తెలుగువాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మన దగ్గర డబుల్స్ అంటే ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు క్యారేజీ మీద కూర్చోవడం. టాండెం అలా కాదు. వెనకవాళ్లకీ సీటు, పెడల్స్ ఉంటాయి, ఇద్దరి పెడల్స్ ఒకేసారి తిరుగుతాయి. హ్యాండిలూ బ్రేకులూ గేర్లూ మాత్రం ముందువాళ్ల చేతిలో. మామూలు సైకిల్ ఆరడుగులుంటే ఇది ఎనిమిదడుగులు దాటుతుంది. మేం ఏడుగురం. నేనూ బావగారూ ఒక టాండెం మీద. సైకిల్ అసలు నేర్చుకోని మా అక్క, మ్యూనిక్‌లో ఉండే నా స్నేహితుడు రెండో దాని మీద. నా భార్య, అతని భార్య, 14 ఏళ్ల మా అమ్మాయి మామూలు సైకిళ్ల మీద.

మొదట్లో అందరిలాగే నేనూ ఫొటోలు చూసి ఊళ్లు ఎంచుకోబోయాను. అది తప్పని త్వరగానే అర్థమైంది. టాండెం చదునులో, దిగుడులో దూసుకుపోతుంది, ఎత్తు వస్తే నీరసపడుతుంది. కొండలున్న దారిలో గుంపు రోజూ పదిసార్లు విడిపోయి, ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే సరిపోతుంది. కాబట్టి నది పక్కన, నీళ్లు పారే వైపుకే సాగే దారి కావాలి. ఆ లెక్కన లిస్టు చిన్నదైంది.

హాలండ్‌లో రాత్రి పడవలో పడుకుని పగలు సైకిల్ తొక్కే టూర్లున్నాయి. రోజూ పెట్టె సర్దే పని లేదు, కూడళ్ల దగ్గర నంబర్ల బోర్డులు చూసుకుంటూ వెళ్లిపోవచ్చు, గుంపులకి చాలా బాగుంటాయి. కానీ నేను చూసిన పడవల్లో గదులు ఇరుకు, మెట్లు నిటారు. చూపులేని మనిషిని రోజుకి నాలుగుసార్లు వాటి మీద ఎక్కించి దించడానికి నాకు మనసొప్పలేదు. బోడెన్‌సే సరస్సు చుట్టూ దారి దాదాపు 260 కిలోమీటర్లు, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడు దేశాలూ చూడొచ్చు, అయితే ఎండాకాలం సెలవుల్లో నడిచేవాళ్లూ పిల్లలూ కుక్కలూ అంతా ఆ దారిలోనే. పొడవాటి బండితో అంత రద్దీలో టెన్షన్. ఫ్రాన్స్‌లో లువార్ నది దారి కోటలతో ఊరిస్తుంది, ఫ్రెంచ్ రాని మాకు వారం పాటు అక్క శాకాహారం సంగతి మాట్లాడుకోవడం కష్టమనిపించి వదిలేశాం. జర్మనీలోనే ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మోసెల్ నది దారి చివరిదాకా పోటీలో ఉంది, 200 కిలోమీటర్లు, చదును, దారికి దగ్గర్లో చాలాచోట్ల రైలు. చివరికి డాన్యూబ్ గెలిచింది. జర్మనీ సరిహద్దు ఊరు పాసావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాదాపు 320 కిలోమీటర్లు, చాలామేరకు రెండు గట్ల మీదా సైకిల్ దారి, గాలి ఎక్కువగా పడమటి నుంచి కాబట్టి వీపున తోస్తుంది.

దారి తేలాక టూర్ కంపెనీ. అన్ని కంపెనీలూ ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి పెట్టెలు చేరుస్తాయి, మ్యాపు ఇస్తాయి, సైకిల్ అద్దెకిస్తాయి, కాబట్టి తేడా అక్కడ తెలియదు. టాండెం గురించి అడిగినప్పుడే తెలుస్తుంది. మొదట రాసిన కంపెనీ "టాండెం ఉంది" అని ఒక్క ముక్క జవాబిచ్చింది. బావగారు ఆరడుగుల మనిషి, వెనక సీటు ఎంత ఎత్తుకి లేస్తుందని మూడుసార్లు అడిగాను, జవాబు లేదు. చాలా అద్దె టాండెంలలో వెనక ఫ్రేము పొట్టిగా ఉంటుంది, పొడుగు మనిషి మోకాళ్లు మూడో రోజుకే పట్టేస్తాయి. రెండో కంపెనీలో ఫోనెత్తినావిడ నేను అడక్కముందే ఇద్దరి ఎత్తు, బరువు, ముందు ఎవరు, వెనకవాళ్లకి ఇంతకుముందు అలవాటుందా అని అడిగింది. చూపు లేదని చెప్పగానే, అయితే ఊళ్లో రాళ్లు పరిచిన వీధులు తక్కువున్న గట్టు ఏదో రోజువారీగా గుర్తుపెట్టి పంపిస్తానంది, పంపించింది కూడా. అక్కడే డబ్బు కట్టేశాం. టాండెం అద్దె మామూలు సైకిల్‌కి రెట్టింపు పైనే పడింది, అయినా మంచి బండి ఇచ్చారు.

సొంత టాండెం ఉన్నవాళ్లు కూడా అద్దె గురించి ఒకసారి ఆలోచించండి. దూరం వెళ్లే రైళ్లలో సైకిల్ తగిలించే కొక్కేలూ జాగాలూ మామూలు సైకిల్ కొలతకి చేసినవి. మేం వియన్నాలో బండ్లు అప్పగించి చేతులూపుకుంటూ రైలెక్కాం.

జూలై రెండో వారంలో బయల్దేరాం. ఒకరోజు ముందే పాసావ్ చేరి నది ఒడ్డున ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటసేపు ప్రాక్టీస్ చేశాం. ఇది మానకండి. ముందువాళ్లు రెండు కాళ్లూ ఎడంగా నేల మీద గట్టిగా ఆనించి బండి పట్టుకోవాలి, వెనకవాళ్లు ఎక్కి పెడల్స్ మీద రెండు పాదాలూ పెట్టాక, చెప్పి, కదలాలి. మా మాటలు మేమే పెట్టుకున్నాం: "కదులుతున్నా", "గేరు", "కుదుపు", "ఆపుతున్నా". అక్క మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకుని గోవిందా గోవిందా అంది. బావగారు మాత్రం రెండో చుట్టుకే, "నువ్వు మలుపుకి ముందు తొక్కడం ఆపేస్తున్నావు, నాకు కాళ్లలో తెలుస్తోంది, చెప్పి ఆపు" అన్నారు. వారమంతా నేను పాటించింది ఆ ఒక్క మాటే.

పాసావ్‌లో డాన్యూబ్, ఇన్, ఇల్జ్ మూడు నదులు కలుస్తాయి. పాత టౌన్‌హాల్ గోడ మీద వరద గుర్తులున్నాయి, 2013లో నీళ్లు 12.89 మీటర్లకి వచ్చాయి. ఆ గీత ఎంత ఎత్తులో ఉందో అక్క చెబుతుంటే బావగారు 2024లో బుడమేరు తమ వీధిలోకి వచ్చిన రాత్రి గురించి చాలాసేపు చెప్పారు.

రెండో రోజు పొద్దున ష్లోగెన్ దగ్గర నది కొండను చుట్టి దాదాపు వెనక్కి తిరిగిపోతుంది. ఫొటోలన్నీ పైనున్న వ్యూపాయింట్ నుంచి తీసినవే. మేం పైకి వెళ్లలేదు, కుడిగట్టు వెంట వంపు తిరుగుతూ పోయాం. ఉన్నట్టుండి బావగారు, "ఇందాక ఎండ మొహం మీద పడింది, ఇప్పుడు వీపు మీదికొచ్చింది. మనం వచ్చిన వైపే తిరిగి పోతున్నామా?" అన్నారు. కాసేపటికి మళ్లీ ఎండ ముందుకొచ్చింది. ఆ వంపును ఆయన చూసినంత బాగా నేను చూడలేదని నాకు గట్టిగా అనిపించింది.

లింజ్ దాటాక మౌట్‌హౌసెన్. 1938లో నాజీలు పెట్టిన నిర్బంధ శిబిరం, ఇప్పుడు స్మారకం. కొండ మీద ఉంది, టాండెంతో ఎక్కే పని పెట్టుకోకుండా కింద సైకిళ్లు తాళం వేసి టాక్సీలో వెళ్లండి, సగం రోజు కేటాయించండి. అక్కడి నుంచి వచ్చాక సాయంత్రం దాకా ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

బసల విషయానికొస్తే, ఊళ్లలో కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లే మాకు నచ్చాయి. ఒకచోట మాత్రం "సైకిల్ దారి పక్కనే" అని రాసిన హోటల్ నిజానికి కొండ మీద మూడు కిలోమీటర్ల పైన ఉంది. 50 కిలోమీటర్లు తొక్కాక ఆ రెండు టాండెంలనీ ఎండలో నెట్టుకుంటూ వెళ్లాం, అక్కకి కళ్లనీళ్లొక్కటే తక్కువ. పైకి చేరితే సైకిళ్లు పెట్టే గది భూగృహంలో, మెట్లు సన్నగా మలుపు తిరిగి ఉన్నాయి. టాండెం దిగదు. రాత్రంతా బయటే గొలుసు వేసి ఉంచాం, నాకు నిద్రపట్టలేదు. అందుకే బుకింగ్ ముందే రాతపూర్వకంగా అడగండి: హోటల్ నదికి ఎంత దూరం, ఎంత ఎత్తు, టాండెం పెట్టే చోటు నేలకి సమంగా ఉందా.

తిండికి ఇబ్బంది పడలేదు. చీజ్ వేసిన, నూడుల్స్ లాంటి ష్పెట్స్‌లే, పుట్టగొడుగుల కూరతో బ్రెడ్ ఉండలు దాదాపు ప్రతిచోటా ఉన్నాయి. అయితే పల్లెల్లో వంటిల్లు త్వరగా మూసేస్తారు, వారంలో ఒకరోజు సెలవు కూడా. ఆ రాత్రులు అక్క తెచ్చిన అటుకులు, గోంగూర పచ్చడి ఆదుకున్నాయి.

అన్నిటికంటే మంచి రోజు మెల్క్ నుంచి క్రెమ్స్. ద్రాక్షతోటల వాఖౌ లోయ, 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దూరం 36 కిలోమీటర్లే, రోజంతా తీసుకోండి. కుడిగట్టున ఆర్న్స్‌డోర్ఫ్ దాకా పోయి, అక్కడ పడవలో ష్పిట్స్‌కి దాటాం. ఆ పడవకి ఇంజిన్ లేదు. నది మీద అడ్డంగా కట్టిన తీగకి వేలాడుతూ ప్రవాహం తోపుతోనే దాటుతుంది. టాండెంలు రెండూ హాయిగా పట్టాయి. పడవ కదిలినట్టు నాకు తెలియనేలేదు. బావగారు తల పైకెత్తి, "పైన చక్రం తీగ మీద దొర్లుతోంది, విను" అన్నారు. నిజమే, సన్నగా కిర్రుమంటోంది, కింద నీళ్ల చప్పుడు. అవతల ఒడ్డున బల్ల మీద ఆప్రికాట్లు అమ్ముతున్నారు. ఖుబానీ కా మీఠాలో ఎండువే తిన్న మాకు చెట్టు నుంచి అప్పుడే కోసిన పండు కొత్త. డ్యూర్న్‌స్టైన్ వీధుల్లో రాళ్లూ జనమూ ఎక్కువ, దిగి నడిపించుకుంటూ పోయాం.

ఒకే ఒక్క పంక్చర్ అయింది, తుల్న్ ఊరికి ముందు, మా వెనక చక్రానికి. ఇద్దరి బరువులో ఎక్కువ భాగం పడేది దాని మీదే కాబట్టి రోజూ పొద్దున గాలి చూసుకోవాలి, ఆ రోజు నేను చూడలేదు. కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే గంటలోపే మనిషి వచ్చాడు.

వచ్చే జూలైకి మోసెల్ అనుకుంటున్నాం. టాండెంలు ఏ కంపెనీ దగ్గరైనా కొన్నే ఉంటాయని ఈసారి సంక్రాంతి వెళ్లగానే బుక్ చేయమన్నారు బావగారు. అక్క ఇప్పుడు విజయవాడలో సైకిల్ నేర్చుకుంటోంది, కానీ టాండెంలో తన వెనక సీటు మాత్రం ఎవరికీ ఇవ్వనంటోంది.