హేడిస్: చచ్చినప్పుడల్లా ఒక కబురు

ఆటలో ఓడిపోతే నాకు ఒళ్లు మండుతుంది. అరగంట కష్టపడ్డాక ఒక్క పొరపాటుకు అంతా పోయి, మళ్లీ మొదటి గది నుంచి ఆడాల్సి వస్తే ఆ ఆటను అక్కడే వదిలేసేదాన్ని. రోగ్‌లైక్ ఆటలన్నీ నడిచేదే ఆ పద్ధతి మీద కాబట్టి వాటి జోలికే వెళ్లలేదు. అలాంటిది రెండేళ్లుగా హేడిస్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. 130 సార్లకు పైగా పాతాళం నుంచి బయల్దేరాను, అందులో సగానికి పైగా దారిలోనే చచ్చాను. అయినా విసుగు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయుధాలు ఎన్ని, ఏ దేవుడి వరం దేనికి పనికొస్తుంది, బొమ్మలు ఎంత బాగున్నాయి అన్నవి 2020లో ఆట పూర్తిగా విడుదలైనప్పటి నుంచీ అందరూ చెబుతున్నవే. వాటిని వదిలేస్తున్నాను. నేను మాట్లాడాలనుకుంటున్నది ఈ ఆటలో చావు గురించి.

పాతాళాన్ని ఏలే హేడిస్ కొడుకు జాగ్రియస్. తండ్రి ఇంట్లోంచి పారిపోయి పైలోకానికి చేరాలని అతని పట్టుదల. టార్టరస్, ఆస్ఫొడెల్, ఎలీజియం అనే పాతాళ ప్రాంతాలు ఒక్కొక్కటీ దాటుకుంటూ పోవాలి. మధ్యలో ఎక్కడ చచ్చినా స్టిక్స్ నది మోసుకొచ్చి మళ్లీ అదే ఇంట్లో పడేస్తుంది. మిగతా ఆటలైతే ఇక్కడ ఒక నల్ల తెర వేసి ఊరుకుంటాయి. ఇక్కడ జాగ్రియస్ ఎర్రటి మడుగులోంచి లేచి, ఒళ్లు దులుపుకుని, మెట్లెక్కి హాల్లోకి నడుస్తాడు. మొదట ఎదురయ్యేది నిద్ర దేవుడు హిప్నోస్. చేతిలో జాబితా చూసి, ఈసారి ఎవరి చేతిలో పోయావో చదివి, దాని మీద ఒక మాట అంటాడు. తండ్రి తన పెద్ద బల్ల దగ్గర కాగితాల మధ్యే ఉంటాడు, ఒక్కోసారి తలెత్తకుండానే ఒక చురక వేస్తాడు. పక్కనే మూడు తలల సెర్బెరస్ ఉంటుంది, వెళ్లి నిమరొచ్చు. అవతల నడవలో ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ నిలబడి ఉంటాడు. పోయి పలకరిస్తే, కిందటిసారి ఆగిన చోటు నుంచి మాట అందుకుంటాడు.

ఇంతవరకైతే దీన్ని మంచి ఓదార్పు అనుకుని ఊరుకునేదాన్నేమో. అసలు సంగతి ఆర్ఫియస్ దగ్గర తెలిసింది. కథ ముందే తెలియకూడదనుకునేవాళ్లు తర్వాతి మూడు పేరాలు వదిలేయండి.

ఆ ఇంట్లో ఆర్ఫియస్ కొలువు గాయకుడు. కానీ పాడడు. గ్రీకు పురాణంలో అతని కథ చాలామందికి తెలుసు. చనిపోయిన భార్య యూరిడిసీ కోసం పాతాళానికి వచ్చి, ఆమెను వెంటబెట్టుకుని పోతూ, చూడొద్దన్నా వెనక్కి తిరిగి చూసి ఆమెను రెండోసారి పోగొట్టుకున్నాడు. ఆట ఆ తర్వాత మొదలవుతుంది. ఒక రాత్రి ఆస్ఫొడెల్‌లో ఒక తలుపు తీశాను. అప్పటిదాకా చుట్టూ కుతకుతలాడే లావా, నలువైపుల నుంచీ మీద పడే శత్రువులు, చెవులు హోరెత్తే సంగీతం. ఈ గదిలోకి అడుగు పెట్టగానే అదంతా ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి ఒంటరిగా పాడుకుంటోంది. శత్రువులు లేరు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని పాట మొత్తం విన్నాను. ఆమే యూరిడిసీ. దారిన పోయే జాగ్రియస్‌కు కాస్త తినడానికి పెట్టి పంపుతుంది. భర్త మాట ఎత్తితే మాత్రం గొంతు మారుతుంది.

ఆమె ఇక్కడ ఉంది, అతను అక్కడ ఉన్నాడు. ఒకరి సంగతి ఒకరికి చెప్పగలిగింది జాగ్రియస్ ఒక్కడే. కానీ ఆస్ఫొడెల్ నుంచి వెనక్కి నడిచే దారి లేదు. ఆమె చెప్పింది ఆర్ఫియస్‌కు చేరాలంటే చచ్చి ఇంటికి వెళ్లాలి. అతని జవాబు ఆమెకు చేరాలంటే మళ్లీ బయల్దేరి టార్టరస్ దాటాలి. ఇది అర్థమైన రోజు నుంచి నేను ఆడే తీరే మారిపోయింది. ఒకసారి అన్నీ కలిసొచ్చాయి. చేతిలో ఈటె, దానికి సముద్ర దేవుడు పొసైడన్ వరం, మెరుపులా దూకి తప్పించుకునే డాష్‌కు ఎథీనా వరం. డాష్ కొడితే మీదికొచ్చే బాణాలు వేసినవాళ్ల మీదికే తిరిగి పోతున్నాయి. ఆ రోజే యూరిడిసీ మొదటిసారి ఆర్ఫియస్ గురించి మెత్తగా మాట్లాడింది. ఆ తర్వాత ఎలీజియం చివర వీరుడు థీసియస్, ఎద్దు తల ఉన్న ఆస్టీరియస్‌లతో పోరు. థీసియస్ డాలు అడ్డం పెట్టుకుంటే ముందు నుంచి ఎంత కొట్టినా లాభం లేదు. చుట్టు తిరిగి వెనక నుంచి కొడదామంటే ఆస్టీరియస్ కొమ్ములు వంచుకుని దూసుకొస్తాడు. ఎలాగో ఆస్టీరియస్‌ను పడగొట్టాను. థీసియస్ ప్రాణం సగానికి తగ్గాక దేవతల సాయం పిలిచాడు. నేల మీద ఎక్కడ అడుగు పెట్టినా దెబ్బే. ఇంకో మూడు నాలుగు పోట్లు పడితే అయిపోయేవాడు. అంతలో నేనే పోయాను.

మామూలుగా అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజు మాత్రం మడుగులోంచి లేస్తూనే హిప్నోస్‌ను దాటుకుని నేరుగా ఆర్ఫియస్ దగ్గరికి పరుగెత్తాను. ఓడిపోయానన్న బాధ లేదు. కబురు పట్టుకొచ్చానన్న సంతోషమే. అలా ఎన్ని చావుల తర్వాతో, అతణ్ణి ఆ ఇంటికి కట్టిపడేసిన ఒప్పందం మారాక, మళ్లీ అదే తలుపు తీస్తే లోపల రెండు గొంతులు వినిపించాయి. ఇద్దరూ కలిసి పాడుతున్నారు. ఆ పాట నేను మోసిన కబుర్ల వల్లే పుట్టిందనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ ఆట గెలిచినా నాకు అంత తృప్తి కలగలేదు.

పైన విసుగు రాలేదన్నాను. మొదటి 80 సార్ల వరకు అది పూర్తిగా నిజం. ఆ తర్వాత మాటలు పలచబడతాయి. హిప్నోస్ విన్నవే చెబుతాడు, కొందరు పలకరింపుతోనే సరిపెడతారు. పైగా ఎవరు ఎదురవుతారన్నది మన చేతిలో లేదు. ఆర్ఫియస్ మాట మోసుకుంటూ వరసగా ఏడుసార్లు ఆస్ఫొడెల్‌కు వెళ్లినా యూరిడిసీ గది రాలేదు, అప్పుడు బాగా చిరాకేసింది. అసలు కథ ముగింపు చూడాలన్నా ఒక్కసారి బయటపడితే చాలదు, 10 సార్లు బయటపడాలి. ఇంట్లో వాళ్ల మీద మమకారం పెరగనివాళ్లకు అది ఊరికే సాగదీసినట్టు ఉంటుంది. వరాలు ఎక్కువైన కొద్దీ తెర నిండా మెరుపులే. ఆ వేగంలో నా మనిషి ఎక్కడున్నాడో నాకే కనిపించని సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి.

చేతి వేగం విషయంలో ఒక మాట. డాష్ బటన్ ఆగకుండా నొక్కీ నొక్కీ నాకు బొటనవేలు నొప్పి పట్టుకుంది. రెండు వారాలు ఆపేసి, తిరిగి మొదలుపెట్టినప్పుడు గాడ్ మోడ్ ఆన్ చేశాను. అది మొదట తగిలే దెబ్బలో 20 శాతం తగ్గిస్తుంది, ఆ తర్వాత చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం కలుపుతూ 80 శాతం వరకు తీసుకెళ్తుంది. శత్రువులు అలాగే ఉంటారు, మనం కాస్త ఎక్కువసేపు నిలబడతాం. చావు ఇక్కడ కూడా చేతికి ఏదో ఒకటి ఇచ్చే పంపుతుంది. దాన్ని వాడితే ఆడినట్టు కాదనే వాళ్లతో నేను ఏకీభవించను. పోరాటమే కావాలనుకునేవాళ్లు కష్టాన్ని పెంచుకుంటూ పోయే ఏర్పాటు కూడా ఆటలోనే ఉంది. నేను దాన్ని రెండు మెట్లకు మించి ఎక్కలేదు.

కాబట్టి కొనమని అందరికీ చెప్పలేను. నాకు పని అయ్యాక రాత్రి ఒక గంట దొరుకుతుంది. ఒక ప్రయాణం, ఇంటికొచ్చాక నాలుగు మాటలు, ఆ గంటలో సరిపోతాయి. మాటలన్నీ దాటవేసి కొట్లాటకే పరుగెత్తేవాళ్లకు నాకు దొరికింది దొరకకపోవచ్చు. రోజూ నాలుగైదు గంటలు ఆడేవాళ్లకు నేను చెప్పిన పలచదనం ఇంకా ముందే ఎదురవుతుంది. రెండో భాగం 2025 సెప్టెంబరులో పూర్తిగా విడుదలైంది, బాగుందని వింటున్నాను. ఇంకా కొనలేదు. ఎలీజియంలో ఒంటరిగా కూర్చుని ఉన్న అతని ఆప్తుడు పట్రోక్లస్ మాట అకిలీస్‌కు చేర్చే పని ఇంకా మిగిలే ఉంది.