"ప్రతి సెల్‌కీ ఫ్యూజు ఉంది" అంటే నమ్మకండి, ప్యాక్ మీద ప్లాస్టిక్ స్లీవ్ వేయకముందే చూపించమనండి

పాత లెడ్ యాసిడ్ స్కూటర్‌కి లిథియం ప్యాక్ కట్టించుకుందామని చూస్తున్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి.

మా ఊళ్ళో 18650 సెల్స్‌తో (గుండ్రటి చిన్న లిథియం సెల్స్) ప్యాకులు కట్టి అమ్మే ఒకాయన దగ్గర 48 వోల్టుల ప్యాక్ తీసుకున్నాను. 13 సిరీస్, 10 ప్యారలల్, అంటే పదేసి సెల్స్ పక్కపక్కన కలిపిన గ్రూపులు 13 వరసగా, మొత్తం 130 సెల్స్. పక్క షాపు కంటే రెండు వేలు ఎక్కువే చెప్పాడు. "మేం ప్రతి సెల్‌కీ విడిగా ఫ్యూజు వేస్తాం సార్" అంటే సరే అన్నాను. వాట్సాప్‌లో ఫొటో కూడా పెట్టాడు. సెల్ తలల మీద సన్నటి తీగలు వరసగా, ముచ్చటగా ఉన్నాయి.

కొన్నాళ్ళకి బండి ఫుల్ ఛార్జ్ చూపిస్తూనే దారిలో ఆగిపోవడం మొదలైంది. ఎప్పుడు చూసినా ఒకే గ్రూపు వోల్టేజీ ముందు పడిపోతోంది, బీఎంఎస్ (వోల్టేజీలు కనిపెడుతూ తేడా వస్తే కరెంటు ఆపే బోర్డు) కట్ చేస్తోంది. బ్యాటరీల పని తెలిసిన మా బావమరిదిని పిలిచి, నీలం స్లీవ్ కోయించాను.

తీగలు ఉన్నాయి, ఫొటోలో ఉన్నట్టే. వాటి కింద పరిచిన ఇన్సులేషన్ పేపర్ లేపి చూస్తే అసలు సంగతి బయటపడింది. పేపర్ కింద సెల్ నుంచి సెల్‌కి వెడల్పాటి స్ట్రిప్ నేరుగా స్పాట్ వెల్డ్ చేసేసి ఉంది. కరెంటు అంతా స్ట్రిప్‌లోనే పోతుంది, పైన తీగ ఉన్నా తెగినా ఒకటే. ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజులో సన్న తీగ పక్కనే లావు రాగి తీగ చుట్టిన బాపతు. ఆ స్ట్రిప్ కూడా నికెల్ కాదు. గ్రైండర్‌కి ఆనిస్తే నిప్పురవ్వలు రాలాయి, అంటే నికెల్ పూత వేసిన ఇనుము. అసలు నికెల్ రవ్వలు రాల్చదు. అయస్కాంతంతో చూస్తే మాత్రం ఏమీ తేలదు, రెండూ అతుక్కుంటాయి.

ఆ గ్రూపులో సెల్స్ విడదీసి పక్కన పెడితే ఒక్కదాని ఛార్జ్ మాత్రం ఊరికే దిగిపోతూ వచ్చింది. దాని అడుగున పాత వెల్డింగ్ మచ్చలు! ఏ ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచో ఊడదీసి కొత్త తొడుగు వేసిన సరుకు.

షాపుకి వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు: "బీఎంఎస్ ఉంది కదా సార్, అదే చూసుకుంటుంది." చాలామంది ఈ మాటకే పడిపోతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 13 సిరీస్ ప్యాక్‌లో బీఎంఎస్‌కి కనిపించేవి 13 గ్రూపుల వోల్టేజీలే. గ్రూపులో ఉన్న పది సెల్స్ దానికి ఒక్క సెల్ కిందే లెక్క. అందులో ఒకటి లోపల షార్ట్ అయితే మిగతా తొమ్మిదీ తమ కరెంటంతా దాంట్లోకే దింపుతాయి. బీఎంఎస్ ప్యాక్ అవుట్‌పుట్ ఆపగలదు గానీ, పక్కపక్కనే అతికించిన సెల్స్ మధ్య కరెంటుని ఎలా ఆపుతుంది? మెయిన్ లైన్లో పెట్టిన పెద్ద ఫ్యూజుకి కూడా ఈ గొడవ తెలియదు. అక్కడ పనిచేసేది సెల్ ఫ్యూజే. తొమ్మిదింటి కరెంటూ కలిసి చెడిన సెల్ తీగలోంచే పోవాలి కాబట్టి ముందు అదే తెగుతుంది. టెస్లా తన కార్ల ప్యాకుల్లో ఒక్కో సెల్‌కీ సన్న తీగ పెట్టింది ఇందుకే.

తీగ సైజు కూడా అడగండి. నా కంట్రోలర్ 25 ఆంపియర్లు లాగితే పది సెల్స్ మీద తలా 2.5 పడుతుంది. 0.2 మిల్లీమీటర్ల రాగి తీగ సుమారు 7 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది, అలాంటిది సరిపోతుంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు స్ట్రిప్‌ని మధ్యలో కాస్త కత్తిరించి "ఇదే ఫ్యూజు" అనేవాళ్ళూ ఉన్నారు, అది అంత తేలిగ్గా కరిగేది కాదు. మీటర్ బజర్‌తో పరీక్షించి చూపిస్తామన్నా ఒప్పుకోకండి. ప్యారలల్‌లో మిగతా సెల్స్ గుండా దారి ఉంటుంది కాబట్టి తెగిన ఫ్యూజు దగ్గర కూడా బీప్ రావచ్చు. కళ్ళతోనే చూడాలి: సెల్ తలకీ బస్‌కీ (సెల్స్ అన్నిటినీ కలిపే పట్టీ) మధ్య ఆ తీగ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

నిజంగా ఫ్యూజు వేసినా అది సర్వరోగనివారిణి కాదు. పక్క సెల్స్ ఎగదోయడాన్ని ఆపుతుందే గానీ, అప్పటికే కాగిపోయిన సెల్‌ని చల్లార్చలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. వాటికి కారణం ఫ్యూజులేనని నేననడం లేదు. ఆ ఏడాది చివర్నుంచి కంపెనీ బండ్ల బ్యాటరీలకి ఏఐఎస్-156 నిబంధనలు గట్టి చేశారు. వీధి షాపులో కట్టిన ప్యాక్ ఆ పరీక్షల మొహం కూడా చూడదు. ఇలాంటిది ఇప్పటికే వాడుతున్నవాళ్ళు పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా మాత్రం ఛార్జింగ్ పెట్టకండి. అనుమానంతో మీ అంతట మీరు కోసి చూడొద్దు. సెల్ ఒళ్ళంతా నెగటివే, తల దగ్గర చిన్న రింగు తేడాతో పాజిటివ్. స్క్రూడ్రైవర్ జారితే చాలు.

డబ్బు వెనక్కి అడిగితే "స్లీవ్ కోశారు, వారంటీ పోయింది" అన్నాడు. కోయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందయ్యా అంటే నవ్వాడు. బిల్లు మీద "బ్యాటరీ 1" అని తప్ప ఏమీ లేదు. మీరు మాత్రం కొత్త సెల్స్, సెల్‌వారీ ఫ్యూజు, ఎన్ని ఆంపియర్లు అనేవి బిల్లు మీద రాయించుకోండి. స్లీవ్ వేయకముందు తీసిన వీడియో దాచుకోండి. రాయనంటే అక్కడ కొనకండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, ఆ వాట్సాప్ ఫొటోనే సాక్ష్యంగా ఇచ్చాను.