కొమ్ముపని కార్ఖానాకు కొన్న ప్రథమ చికిత్స పెట్టె: చేతి గాయానికి చాలు, కంటికి చాలదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో బొమ్మలు చేసే పనివాడికి అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం ముఖానికే. కొమ్మును రంపంతో కోసేటప్పుడు, ఆకురాయితో రాసేటప్పుడు, చక్రం మీద మెరుగు పెట్టేటప్పుడు వస్తువును కళ్ళకు జానెడు దూరంలో పట్టుకుంటాడు కనుక, పొడి గానీ పెచ్చు గానీ ఎగిరితే కంటికో పెదవికో తగులుతుంది. అటువంటి ఒక కార్ఖానా కోసం ఊళ్ళోని మందుల దుకాణంలో 850 రూపాయలకు కొన్న ప్రథమ చికిత్స పెట్టెను నేను ఈ దృష్టితోనే పరిశీలించాను.

గోడకు తగిలించుకునే ఇనుప పెట్టె ఇది. మూత గట్టిగా పడుతుంది, లోపలికి దుమ్ము చేరదు. ఒక్కొక్కటిగా సీలు వేసిన గాజ్ గుడ్డలు ఇందులో మేలైన వస్తువు. పెదవి చిట్లినా, నాలుక పళ్ళ మధ్య పడి తెగినా, ఈ గుడ్డను మడిచి గాయం మీద పది నిమిషాలపాటు మధ్యలో ఎత్తి చూడకుండా నొక్కి పట్టుకుంటే చాలావరకు నెత్తురు ఆగుతుంది. ఆ సమయంలో మనిషి ముందుకు వంగి కూర్చోవాలి, నోట్లోకి వచ్చిన రక్తాన్ని ఉమ్మివేయాలి. మింగితే వాంతి అవుతుంది. ముక్కు నుంచి నెత్తురు కారినప్పుడు తల వెనక్కి వాల్చి నెత్తిన నీళ్ళు కొట్టే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. అలా వాల్చితే రక్తం గొంతులోకి దిగుతుంది. ముందుకు వంగి, నోటితో ఊపిరి తీసుకుంటూ, ముక్కులోని మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వేళ్ళతో నొక్కి ఉంచాలి. దీనికి పెట్టెలోని ఏ వస్తువూ అక్కరలేదు, కానీ ఆ నాలుగు మాటలు పెట్టెతో వచ్చిన కాగితంలో ఉండవలసింది.

కంటి దగ్గరికి వచ్చేసరికి ఈ పెట్టె పూర్తిగా నిరాశపరిచింది. కన్ను కడగడానికని ఇచ్చిన సీసాలో ఉన్నది 100 మిల్లీలీటర్ల సెలైను మాత్రమే. కంటిలో నలుసు పడితే అది సరిపోవచ్చు. ఆకువక్కల సున్నం పడితే ఆ సీసా ఒక నిమిషానికైనా రాదు. ఖైనీతో అమ్మే సున్నపు ట్యూబులు మన ప్రాంతంలో ప్రతి పనివాడి జేబులోనూ ఉంటాయి, పిల్లలు వాటిని నొక్కి ఆడుకుంటారు, అది చిమ్మితే నేరుగా కంటిలోకే పోతుంది. సున్నం క్షారం, ఆమ్లాలకన్నా లోతుగా కంటి పొరల్లోకి దిగుతూ పోతుంది. అందుకే ఆసుపత్రికి బయలుదేరే ముందే, అక్కడికక్కడే, కుళాయి కింద గానీ బిందెలోని మంచినీళ్ళతో గానీ రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు ధారగా కడగాలి. దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా తల వంచితే ఆ నీరు రెండో కంటిలోకి పోదు. రెప్పల కింద సున్నపు ముద్ద ఉండిపోతే కరిగినంతసేపూ కాలుస్తూనే ఉంటుంది కనుక, కడిగిన తర్వాత వైద్యుడు రెప్ప తిప్పి చూడడం తప్పనిసరి. సెలైను కోసం వెతుకుతూ ఒక్క నిమిషం పోగొట్టుకున్నా నష్టమే. కాబట్టి పెట్టె పక్కనే నీళ్ళ కుళాయి లేని కార్ఖానాలో ఈ సీసాను నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

కంటికి కట్టే మెత్తలు రెండు ఉన్నాయి. ఇనుప పెచ్చో కొమ్ము ముక్కో కంటిలో గుచ్చుకున్నప్పుడు వీటిని వాడకూడదు, ఎందుకంటే అవి గుడ్డును నొక్కుతాయి. గుచ్చుకున్నదాన్ని లాగకుండా, కంటికి తగలకుండా ఒక కాగితపు కప్పును పైన బోర్లించి, చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేలా టేపుతో అంటించి తీసుకుపోవాలి. జిల్లా ఆసుపత్రి ఊళ్ళోనే ఉన్నా, శస్త్రచికిత్స అవసరమైతే బరంపురంలోని వైద్య కళాశాల ఆసుపత్రికో శ్రీకాకుళానికో ప్రయాణం చేయవలసి రావచ్చు; అంతసేపూ కంటి మీద ఒత్తిడి పడకుండా కాపాడేది ఆ కప్పే. పెట్టెలో రెండు కప్పులు పెట్టడానికి తయారీదారుకు ఎంత ఖర్చవుతుంది?

ఇందులోని యాంటీసెప్టిక్ ద్రావణం క్లోర్‌హెక్సిడిన్ కలిసినది. చర్మానికి మంచిదే గానీ కంటిలో పడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను దెబ్బతీస్తుంది. కనుబొమ్మ పగిలినప్పుడు చేతికి అందిన ద్రావణంతో తుడవడం అందరూ చేసే పనే కనుక, ఆ హెచ్చరిక సీసా మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇక్కడ అది చదవలేనంత చిన్నగా ఉంది.

కోతల కాలంలో వరి ఆకు కంటికి కోసుకున్న రైతుకూ ఈ పెట్టె ఏమీ చెప్పదు. ఆకు, మట్టి, పొట్టు తగిలిన కంటికి బూజు జాతి సూక్ష్మజీవులతో పుండు పడే ప్రమాదం ఉంది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు మొదట ఎరుపు తగ్గించి, లోపల ఆ పుండును పెంచుతాయి. చనుబాలు, ఆకుపసర్లు, ఆముదం కంటిలో వేయడమూ అంతే ప్రమాదం. నొప్పి గానీ మసక గానీ ఉంటే ఆ రోజే కంటి వైద్యుణ్ణి చూడాలి.

ఊడిన పంటి విషయంలో పెట్టెకు మూత ఉన్న ఒక చిన్న డబ్బా చేరిస్తే చాలు. శాశ్వత దంతం దెబ్బకు ఊడివస్తే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మురికి ఉంటే క్షణకాలం కడిగి, దాని చోటనే తిరిగి కూర్చోబెట్టి గుడ్డ కొరికి పట్టుకోవాలి. అది కుదరకపోతే చల్లని పాలలో వేసి గంట లోపల దంతవైద్యుణ్ణి చేరుకోవాలి. వేరును రుద్దినా, ఎండనిచ్చినా పన్ను తిరిగి అతుక్కోదు. పాలపళ్ళను మాత్రం తిరిగి పెట్టకూడదు.

సూచనల కాగితం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. ఇక్కడి పనివారు చదివేది తెలుగు, ఒడియా. నేను దుకాణదారుకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన విసుక్కోకుండా విన్నారు, పెట్టెలోని దూదిచుట్టను వెనక్కి తీసుకుని అదే ధరకు మరికొన్ని గాజ్ గుడ్డలు ఇచ్చారు. దూది పోగులు గాయానికి అంటుకుంటాయి కనుక ఈ మార్పు మంచిదే. అరలీటరు సెలైను సీసాలు రెండు, కాగితపు కప్పులు, మూత ఉన్న డబ్బా విడిగా కొని చేర్చుకుంటే ఈ పెట్టె కార్ఖానాకు పనికివస్తుంది. అవి చేర్చుకునే ఉద్దేశం లేనివారు 850 రూపాయలను ముందు పనివారి కళ్ళద్దాలకు ఖర్చు పెట్టుకోవడం మేలు.