తుంగభద్ర గట్టున శిల్పం: రాయా, స్టీలా?

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నైరూప్య శిల్పాలు (ఫలానా మనిషో వస్తువో అని పోల్చలేని ఆకారాలు) పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఖర్చు: రాయిని ఆళ్లగడ్డలో చెక్కించుకోవచ్చు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఆ చేతులకు రాయి నాడి బాగా తెలుసు, వాళ్లకు ఈ పని దక్కాలని నా కోరిక. కాకపోతే క్రేన్, పునాది కలిపి తడిసి మోపెడవుతుంది. బోలు స్టీలు బరువు తక్కువ కాబట్టి ఆ ఖర్చు తగ్గుతుంది.

మెయింటెనెన్స్: విశాఖ బీచ్‌లో ఉప్పుగాలికి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వాడటం మంచిది, అందులో తుప్పును అడ్డుకునే మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. ఇక్కడ 304 గ్రేడు చాలు. గ్రానైట్‌కు తుప్పు బాధే లేదు.

రిస్కు: 2009 అక్టోబరు లాంటి వరదొస్తే బరువైన రాయే నయం. స్టీలైతే కాంక్రీటులో గట్టిగా బిగించాలి.

పిల్లలు ఎక్కి ఆడేచోట నున్నటి అంచుల రాయి పెట్టండి. గాలిలోకి సాగే సన్నని వంపులు కావాలంటే స్టీలే.