చార్మ్‌డ్ మూడో సీజన్: 22 ఎపిసోడ్లలో ఏవి చూడాలి, ఏవి దాటేయొచ్చు

చార్మ్‌డ్ మొత్తం ఎనిమిది సీజన్లు, 178 ఎపిసోడ్లు. అమెరికాలో డబ్ల్యూబీ చానెల్లో 1998 అక్టోబరు నుంచి 2006 మే దాకా నడిచింది. అంతా చూసే ఓపిక లేక ఒక్క సీజన్‌తో సరిపెట్టుకుందామనుకునేవాళ్లు మూడోది పట్టుకోవాలి. 2000 అక్టోబరు 5న మొదలై 2001 మే 17న ముగిసింది. 22 ఎపిసోడ్లు, ఒక్కోటీ ముప్పావు గంటకు కాస్త తక్కువ, అన్నీ కలిపి దాదాపు పదహారు గంటలు. అందులో మూడు గంటల దాకా నిశ్చింతగా మిగుల్చుకోవచ్చు. ముగింపు గురించి రాయకుండా ఈ సీజన్ గురించి రాయడం కుదరదు కాబట్టి, అసలేం జరుగుతుందో ముందే తెలియడం ఇష్టంలేనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కలు. శాన్ ఫ్రాన్సిస్కోలో, అమ్మమ్మ వదిలివెళ్లిన విక్టోరియన్ ఇంట్లో ఉండే ముగ్గురు అక్కచెల్లెళ్లకు మంత్రశక్తులుంటాయి. ఇల్లు మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోది కాదు, బయటి నుంచి కనిపించేది లాస్ ఏంజెలెస్ క్యారల్ అవెన్యూలోని పాత భవనం. పెద్దది ప్రూ (షానన్ డోహర్టీ) ఫొటోగ్రాఫర్, నడిపిది పైపర్ (హాలీ మేరీ కోంబ్స్) పీ3 అనే నైట్‌క్లబ్ నడుపుతుంది, చిన్నది ఫీబీ (అలీసా మిలానో) కాలేజీకి వెళ్తుంది. వాళ్లను కనిపెట్టుకుని ఉండే వైట్‌లైటర్ లియో (బ్రయాన్ క్రాస్) గాయాలు మాన్పగలడు, పైపర్‌ని ప్రేమిస్తాడు. మొదటి రెండు సీజన్లు చూడనివాళ్లు సీజన్ 1 మొదటి ఎపిసోడ్, సీజన్ 2 చివరి ఎపిసోడ్ చూసి ఇందులోకి వస్తే కథ తెగినట్టు అనిపించదు.

ఈ సీజన్‌తో రచన పగ్గాలు సృష్టికర్త కాన్‌స్టన్స్ బర్జ్ నుంచి బ్రాడ్ కెర్న్ చేతికొచ్చాయి. తేడా తెలుస్తుంది. అంతకుముందు వారానికో రాక్షసుడు వచ్చేవాడు, చచ్చేవాడు, మరుసటి వారానికి ఎవరికీ గుర్తుండేవాడు కాదు. ఇక్కడ శత్రువు మొదటి ఎపిసోడ్‌లోనే కోటు వేసుకుని కోర్టులో కనిపిస్తాడు. కోల్ టర్నర్ (జూలియన్ మెక్‌మహన్) అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ, మన లెక్కన పబ్లిక్ ప్రాసిక్యూటర్. తండ్రి మనిషి, తల్లి రాక్షసి. అసలు రూపం ఎర్రటి ముఖం మీద నల్లటి చారలున్న బెల్తజార్. పాతాళంలో ట్రయాడ్ అనే ముగ్గురు పెద్దలు ఈ అక్కచెల్లెళ్లను చంపమని పంపిస్తే, ఫీబీకి దగ్గరై పని చక్కబెట్టాలని వస్తాడు. ప్రేక్షకులకు ఇది ముందే తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలియదు. అతను కాలింగ్ బెల్ నొక్కిన ప్రతిసారీ ఉత్కంఠ దానంతట అదే పుడుతుంది, గ్రాఫిక్స్ ఖర్చు అక్కర్లేదు.

ఈ ఏర్పాటు ఎందుకు పనిచేసిందో చూడాలంటే 7వ ఎపిసోడ్, పవర్ అవుటేజ్. ముగ్గురి శక్తి ఒకటిగా ఉన్నంతకాలం గెలవలేనని కోల్‌కి అర్థమవుతుంది. ఆగ్రహాన్ని ఎగదోసే ఆండ్రాస్ అనేవాణ్ని రప్పిస్తాడు. అతను లేని కోపాన్ని పుట్టించడు. ఒకే ఇంట్లో ఉండే అక్కచెల్లెళ్ల మధ్య మామూలుగా ఉండే చిరాకులనే రాజేస్తాడు. చివరికి ఒకరి మీద ఒకరు మంత్రశక్తి ప్రయోగించుకుంటారు. అంతే, శక్తులు పోతాయి, వాళ్ల మంత్రాల పుస్తకం బుక్ ఆఫ్ షాడోస్ అట్ట మీది మూడు రేకుల గుర్తు విడిపోతుంది. బయటివాడు చేసింది కొంచెమే, మిగతాదంతా ఇంట్లోవాళ్లే చేసుకున్నారు. అదను దొరికాక కూడా కోల్ ఫీబీని చంపలేకపోతాడు. శిక్షించబోయిన ట్రయాడ్‌నే చంపేస్తాడు. 22 ఎపిసోడ్ల కథలో ఈ మలుపు మూడో వంతుకే రావడం మంచి లెక్క. ఇంకో పది వారాలు సాగదీసి ఉంటే ఫీబీ తెలివితక్కువదానిలా కనబడేది.

8వ ఎపిసోడ్‌లో అసలు చిక్కు మొదలవుతుంది. పైస్థాయి రాక్షసుల్ని మట్టుబెట్టే కషాయానికి ఆ రాక్షసుడి ఒంటి మాంసమే కావాలి. మన జానపద కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉన్నట్టు, బెల్తజార్ చావు అతని మాంసపు ముక్కలోనే ఉంటుంది. కషాయం ఫీబీ చేతిలో ఉంటుంది, అతను ఎదురుగా ఉంటాడు. వదిలేసి, చంపేశానని అక్కలకు అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం ఒక్క ఎపిసోడ్‌తో తీరిపోకుండా వెంటాడుతుంది. ఇలాంటి సీరియళ్లలో అది అరుదు.

శక్తుల నియమాలు ఈ సీజన్లో కాస్త మారతాయి, తెలిసి చూస్తే అయోమయం ఉండదు. ప్రూ చేయి విసిరితే వస్తువులు, మనుషులు ఎగిరిపడతారు. శరీరాన్ని ఒకచోట వదిలి ఆత్మరూపంలో ఇంకోచోటికి వెళ్లగలదు, కానీ ఆ సమయంలో శరీరం స్పృహ లేకుండా పడి ఉంటుంది. పైపర్ చేతులు ఆడిస్తే ఆ గదిలో ఉన్నవన్నీ నిలిచిపోతాయి, గది దాటి పనిచేయదు. మంచి మంత్రగత్తెల మీద పనిచేయదు, బలమైన రాక్షసులూ లొంగరు. 20వ ఎపిసోడ్‌లో ఆమెకు పేల్చే శక్తి వస్తుంది. చేతుల కదలిక అదే కావడంతో ఆపుదామనుకున్నది పేలిపోతూ ఉంటుంది. భవిష్యత్తు దృశ్యాలు కనబడటం తప్ప పోరాటానికి శక్తి లేని ఫీబీకి మొదటి ఎపిసోడ్‌లో గాల్లోకి లేచే శక్తి ఇచ్చారు. తాళ్లు కట్టి లేపారని తెలిసిపోతుంది, అయినా ఫైట్లు మెరుగయ్యాయి. పైపర్ శక్తికి ఎవరు లొంగుతారు, ఎవరు లొంగరు అన్న విషయంలో మాత్రం రచయితలు తమకు అవసరమైనట్టు మార్చుకున్నారు. ఒక వారం నిలిచిపోయినవాడి లాంటివాడే ఇంకో వారం దర్జాగా నడుచుకుంటూ వస్తాడు.

తప్పనిసరిగా చూడాల్సినవి ఇంకో మూడున్నాయి. 4వ ఎపిసోడ్‌లో ముగ్గురూ 1670 నాటి వర్జీనియాకు వెళ్లిపడతారు. తమ వంశానికి మూలమైన మెలిండా వారెన్ అప్పుడే పుట్టబోతుంటుంది. వీళ్లు పుట్టకముందు కాలం కాబట్టి వీళ్ల శక్తులు అక్కడ ఉండవు. ఆపిల్ పండు, చీపురు, కోసు టోపీ లాంటి హాలోవీన్ సరంజామాతోనే మంత్రం నేర్చుకోవాలి. పరిమితి పెడితే కథ ఎంత చురుగ్గా కదులుతుందో ఇక్కడ తెలుస్తుంది. 6వది ప్రైమ్‌రోజ్ ఎంపాత్. చుట్టుపక్కలవాళ్ల భావాలన్నీ ప్రూలోకి వచ్చిపడతాయి. ఎప్పుడూ బిగబట్టుకుని ఉండే పెద్దక్క పాత్ర గదిలో ముడుచుకుని వణికిపోవడాన్ని డోహర్టీ ఎక్కడా అతి చేయకుండా నటించింది. ఈ సీరియల్లో ఆమె చేసినవాటిలో దీన్నే ముందు పెట్టాలి. 16వ ఎపిసోడ్‌లో ప్రూకి మృత్యుదూత కనబడతాడు. చనిపోయినవాళ్లను తీసుకెళ్లడమే అతని పని, అతను చెడ్డవాడు కాడు. అతనితో పోరాడి, చివరికి కొన్ని చావుల్ని ఆపలేమని ఒప్పుకుంటుంది. ఆరు ఎపిసోడ్ల తర్వాత జరిగేది తెలిసి దీన్ని మళ్లీ చూస్తే ప్రతి మాటా వేరుగా వినబడుతుంది.

15వది పైపర్, లియోల పెళ్లి. అమ్మమ్మ ఆత్మ పురోహితురాలు, చనిపోయిన తల్లి ప్యాటీ కూడా వస్తుంది. ఆ పది నిమిషాలు బాగుంటాయి. 10వ ఎపిసోడ్ ఐస్‌క్రీమ్ బండి కథ. పాటతో పిల్లల్ని రప్పించి మాయం చేస్తున్నవాడే దుర్మార్గుడనుకుంటే, ఆ పిల్లలే రాక్షసులని తేలుతుంది. తండ్రి విక్టర్‌గా జేమ్స్ రీడ్ మొదటిసారి కనిపించేది ఇందులోనే. మొదటి సీజన్లో ఆ పాత్ర వేసింది వేరే నటుడు, గందరగోళపడొద్దు.

ఇక దాటేయదగ్గవి. 9వ ఎపిసోడ్‌లో పైపర్‌ని వేరే శక్తి ఆవహించడం, స్కూలు స్నేహితుల కలయిక రెండూ పొంతన లేకుండా కలిపారు. 12వది కుస్తీ ఎపిసోడ్. బుకర్ టీ, స్కాట్ స్టైనర్ లాంటి నిజమైన రెజ్లర్లను తెచ్చారు, రేటింగ్ కోసమన్నది దాచినా దాగదు. 18వ ఎపిసోడ్‌లో ఏడు మహాపాపాలు ఒక్కొక్కరికి అంటుకుంటాయి. ఆలోచన మంచిదే, ఏడింటికీ కలిపి ముప్పావు గంట కాబట్టి అన్నీ పైపైనే తేలిపోయాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేదీ కాదు. 17వది గతంలోకి తీసుకెళ్తుంది, పాత అభిమానులకు నచ్చుతుంది, కొత్తవాళ్లకు అక్కర్లేదు. 14వ ఎపిసోడ్ కౌబాయ్ ఊరి కథగా మామూలుదే. కానీ దర్శకత్వం డోహర్టీది, పైగా ఒకర్నొకరు నమ్మని ప్రూ, కోల్ కలిసి పనిచేయాల్సి రావడం కోసం చూడొచ్చు.

19 నుంచి 22 దాకా విరామం లేకుండా చూడాలి. కోల్ మళ్లీ పాత ముఠాలోకి వెళ్లడం, వాళ్లు అతన్ని తిరిగి తమవాణ్ని చేసుకోవడం వరసగా నడుస్తాయి. చివరిదాన్ని కూడా డోహర్టీయే డైరెక్ట్ చేసింది. రాక్షసులందరికీ అధిపతి అయిన సోర్స్ పంపిన షాక్స్ అనే హంతకుడు సుడిగాలిలా ఇంట్లోకి దూసుకొచ్చి ప్రూని, పైపర్‌ని గోడ బద్దలయ్యేలా విసిరికొడతాడు. ఫీబీ మంత్రం చదివి వాణ్ని తరిమి, లియోని పిలుస్తుంది. అతను ఇద్దర్నీ బతికిస్తాడు. తర్వాత ఫీబీ కోల్ కోసం పాతాళానికి వెళ్తుంది. వీధిలో షాక్స్‌తో పోరాడుతున్న అక్కలిద్దరూ టీవీ కెమెరాకు దొరికిపోతారు. రహస్యం ఊరంతా ప్రత్యక్ష ప్రసారమవుతుంది, ఇంటి ముందు జనం పోగవుతారు, వాళ్లలో ఒకతి కాల్చిన తూటాకు పైపర్ చనిపోతుంది. ఆమెను బతికించుకోవాలంటే కాలాన్ని వెనక్కి తిప్పాలి, అది చేయించగలిగింది సోర్స్ ఒక్కడే. బేరం కుదురుతుంది. కాలం సరిగ్గా షాక్స్ మొదటి దాడి దగ్గరికి తిరుగుతుంది, కానీ ఈసారి ఫీబీ ఇంట్లో లేదు, పాతాళంలో ఉంది. మంత్రం చదివేవాళ్లు లేరు, లియోని పిలిచేవాళ్లు లేరు. అదే దాడి, ఒక్క మనిషి తక్కువ.

మొదటిసారి చూసేటప్పుడు ఫీబీ ఎక్కడ నిలబడిందో, ఏ క్షణంలో లియోని కేకేస్తుందో గమనించుకుంటే రెండోసారి దెబ్బ పూర్తిగా తగులుతుంది. మెలకువగా రాసిన స్క్రిప్టు అంటే ఇదీ. ఇద్దరిలో ఎవరు పోయారో చెప్పకుండానే సీజన్ ఆపేశారు. డోహర్టీ ఆ తర్వాత సీరియల్లోకి తిరిగి రాలేదు. ఆమె 2024 జులైలో, మెక్‌మహన్ 2025 జులైలో కన్నుమూశారు.

గ్రాఫిక్స్ 2000 నాటివి. నిప్పు బంతులు, సుడిగాలులు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది, బెల్తజార్ మేకప్ మాత్రం నిలబడింది. మంత్రాలన్నీ ప్రాసల్లో ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మేలు. 22వ ఎపిసోడ్ రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టకండి. ఎవరు పోయారన్నదానికి జవాబు నాలుగో సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లలో ఉంది, ఆ రెండూ ఒకే కథ, కాబట్టి మూడూ కలిపి రెండు గంటలకు పైగా చేతిలో పెట్టుకుని కూర్చోవాలి.